పక్కన ఎవరు? ఎదురుగా ఎవరు?

ఎనిమిది మంది. ఒక గుండ్రటి బల్ల. అందరూ మధ్యలోకి చూస్తూ కూర్చున్నారు. ఎ కి ఎడమవైపు మూడో స్థానంలో డి ఉన్నాడు. బి, జి పక్కపక్కన లేరు. ఎఫ్‌కి సరిగ్గా ఎదురుగా సి ఉంది... ఇలా ఇంకో రెండు ముక్కలు చెప్పి చివర్లో ఓ ప్రశ్న. హెచ్‌కి కుడిపక్కన ఎవరున్నారు?

ఎవరుంటే మనకేంటి అనిపిస్తుంది కదూ! ఆ ఎనిమిది మందికీ పేర్లు లేవు, ఊళ్లు లేవు. బల్ల మీద కాఫీ కప్పు కూడా ఉండదు. అసలు వాళ్లెందుకు సమావేశమయ్యారో ఎవరికీ తెలీదు. అయినా సరే... నంద్యాలలో, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ హాస్టళ్ల గదుల్లో, పల్లెటూళ్ల వసారాల్లో ఎంతోమంది పిల్లలు రాత్రిళ్లు దీపం పెట్టుకుని వాళ్లని కూర్చోబెడుతుంటారు. కుదరకపోతే లేపి మళ్లీ కూర్చోబెడుతుంటారు. బ్యాంకు పరీక్షల రీజనింగ్‌లో ఆ గుండ్రటి బల్ల అంత ముఖ్యమైన సామాను. ఒక్క బల్ల చుట్టూ నాలుగైదు ప్రశ్నలు ఉంటాయి. అమరిక కుదిరిందా, అన్ని మార్కులూ ఒళ్లో పడ్డట్టే. ఒక్క కుర్చీ తప్పిందా, అన్నీ పోయినట్టే!

ముప్పావు మార్కు కథ

పల్నాడులోని ఓ పల్లెటూళ్లో ఉంటుందో అమ్మాయి. వయసు ఇరవై ఆరు. బీఎస్సీ మ్యాథ్స్ ఫస్ట్ క్లాసులో పాసైంది. నాన్న మిర్చి రైతు. అమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ అమ్మాయికి బ్యాంకు క్లర్కు ఉద్యోగం చేయాలని కోరిక. ఇంట్లోవాళ్లకు పెళ్లి చేయాలని తొందర. సంబంధాలు వస్తున్నాయి. 'ఈ ఒక్కసారికి చూద్దాంలే' అని నాన్న గడువిచ్చారు. ఆ 'ఒక్కసారి' అప్పటికి రెండోసారి.

మొదటిసారి ప్రిలిమ్స్‌లో కటాఫ్‌కు ముప్పావు మార్కు దూరంలో ఆగిపోయింది. ఆ ముప్పావు ఎక్కడ పోయిందో ఆమెకు బాగా తెలుసు. రీజనింగ్‌లో 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు 34 సెకన్లు. తప్పు సమాధానానికి పావు మార్కు కోత. ఆ రోజు గుండ్రటి బల్ల ప్రశ్నల దగ్గర బొమ్మ గీసింది, కొట్టేసింది, మళ్లీ గీసింది. గడియారం పరిగెడుతోంది. అయిదింట్లో మూడింటికి ఏదో ఒకటి అనుకుని సమాధానాలు నొక్కేసింది. ఆ మూడూ తప్పేనని ఆమె గట్టి నమ్మకం. మూడు పావులు... ముప్పావు! ముట్టుకోకుండా వదిలేసినా గట్టెక్కేది.

అప్పట్నుంచీ ఆ బల్ల అంటే భయం పట్టుకుంది. ఇంటిగ్రేషన్లు చకచకా చేసే పిల్లకు ఎడమేదో కుడేదో తేలడం లేదు. మాక్ టెస్టుల్లో ఎనిమిది మంది కనపడగానే పక్క ప్రశ్నకు వెళ్లిపోయేది. సెట్టు వదిలేస్తే అయిదు మార్కులు వదిలేసినట్టే. ఒక్క మార్కు తేడాలో ఎందరో నిలబడి ఉండే పరీక్షలో అయిదు మార్కులంటే మాటలా!

ఎడమ... ఎవరికి ఎడమ?

ఆమె తప్పు ఎక్కడ జరుగుతోందో పట్టుకున్నది అమ్మ. అదీ వంటింట్లో.

ఓ సాయంత్రం కూతురు పుస్తకం పట్టుకుని వంటింటి గడప మీద కూర్చుని గొణుక్కుంటోంది. "ఏంటే అది, నాకూ చెప్పు" అంది అమ్మ. 'ఎ ఈజ్ సిట్టింగ్ థర్డ్ టు ది లెఫ్ట్ ఆఫ్ బి' అని చదివింది కూతురు. "తెలుగులో చెప్పవే తల్లీ" అంది అమ్మ. "బి కి ఎడమవైపు మూడో చోట ఎ కూర్చుంది."

చెప్పిన తర్వాత తనే ఒక్క క్షణం ఆగిపోయింది. ఇంగ్లిష్ వాక్యంలో ముందు ఎ వస్తుంది. దాంతో ఆమె ఎ ని కూర్చోబెట్టి, అక్కణ్నుంచి ఎడమవైపు లెక్కపెట్టి బి ని పెడుతోంది. అంతా తల్లకిందులు. తెలుగు వాక్యంలో ముందు వచ్చేది బి. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో మన వాక్యమే చెప్పేస్తోంది! గ్రామీణ బ్యాంకుల పరీక్షలను తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని 2019లో కేంద్రం నిర్ణయించింది. ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు పరీక్షలకూ 2021లో అదే మాట చెప్పింది. ఇంగ్లిష్‌లోనే రాసేవాళ్లు కూడా ఆ ఒక్క వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకుంటే సగం తప్పులు తగ్గుతాయని ఆ అమ్మాయికి ఆరోజు తెలిసింది.

మిగతా సగం పోపులపెట్టెతో తీరింది. గుండ్రటి స్టీలు డబ్బా, మధ్యలో ఒక గిన్నె, చుట్టూ ఆరు గిన్నెలు. ఆవాల పక్కన జీలకర్ర, దాని పక్కన మినప్పప్పు. అమ్మ చూడకుండానే చెయ్యి పెడుతుంది. "డబ్బా అటు తిప్పినా ఇటు తిప్పినా ఆవాల పక్కన జీలకర్రే కదా ఉండేది. నువ్వెందుకు మొదటి కుర్చీ ఏదీ ఏదీ అని వెతుకుతావు?" అంది.

నిజమే. గుండ్రటి బల్లకు మొదటి కుర్చీ అంటూ ఉండదు. అందుకే మొదటి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టినా తప్పు కాదు. గణితం చెప్పేదీ అదే. ఎనిమిది మందిని వరుసగా కూర్చోబెట్టాలంటే 40,320 రకాలుగా కుదురుతుంది. గుండ్రంగా అయితే ఒకరిని స్థిరంగా ఉంచి మిగతా ఏడుగురినే మార్చాలి. అంటే 5,040 రకాలు. బల్లను తిప్పితే వచ్చేవన్నీ ఒకే అమరిక కిందే లెక్క.

ఇక ఎడమ-కుడి. కాగితం మీద వృత్తం గీస్తే కింద కూర్చున్న మనిషి ఎడమా మన ఎడమా ఒకటే. పైన కూర్చున్న మనిషి మనకు ఎదురుగా ఉన్నట్టు. ఆయన ఎడమ మనకు కుడి. ఆ అమ్మాయి అందరికీ తన ఎడమనే అంటగడుతోంది! అమ్మ చెప్పిన చిట్కా చాలా తేలిక. "డబ్బా తిప్పినట్టు కాగితాన్ని తిప్పు. ఎవరి సంగతి చెబుతున్నారో వాళ్లని నీ దగ్గరికి తెచ్చుకో." నాలుగు రోజులు అలా చేశాక కాగితం తిప్పే పని కూడా లేకపోయింది. మధ్యలోకి చూస్తున్నవాళ్లకు ఎడమవైపు అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కు, కుడివైపు అంటే దానికి ఎదురు దిక్కు. అంతే!

అమ్మ లెక్క వేరు

ఇంతకీ అమ్మకు ఇదంతా ఎలా తెలుసు? ఆమె ఇరవై ఏడేళ్లుగా చేస్తున్న పనే అది.

ఆ ఇంట్లో పండక్కి అందరూ కలుస్తారు. నాన్నమ్మ, పెదనాన్న-పెద్దమ్మ, నాన్న, బాబాయి-పిన్ని, అత్త-మావయ్య. పొలం గట్టు దగ్గర మొదలైన తగాదాతో పెదనాన్నకూ బాబాయికీ మూడేళ్లుగా మాటల్లేవు. అమ్మ మీద గౌరవంతో పండక్కి వస్తారు, తింటారు, వెళ్తారు. వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది అమ్మ తలనొప్పి. వసారాలో వరుసగా విస్తళ్లు వేస్తే మొదటి విస్తరి నాన్నమ్మది. ఆ పక్కది ఎవరిది? కిందటి సంక్రాంతికి అక్కడే తేడా వచ్చింది. తన కంటే ముందు తమ్ముడికి వడ్డించారని పెదనాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

మొదటి చోటు కోసం గొడవ ఆ ఇంటికే పరిమితం కాదు. ఆర్థర్ రాజు గుండ్రటి బల్ల కథ మొదటిసారి కనిపించేది 1155లో నార్మన్ కవి వేస్ రాసిన కావ్యంలో. తానంటే తాను గొప్పని సామంతులు కొట్టుకోకుండా రాజు ఆ బల్ల చేయించాడట. ఆ పేరుతో చేసిన ఓక్ బల్ల ఒకటి ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కోటలో గోడకు వేలాడుతూ ఇప్పటికీ కనిపిస్తుంది. పదమూడో శతాబ్దం నాటిది, అయిదున్నర మీటర్ల వెడల్పు. వియత్నాం యుద్ధం ఆపడానికి 1968లో పారిస్‌లో చర్చలు మొదలైతే, బల్ల ఏ ఆకారంలో ఉండాలన్న దాని మీదే వారాల తరబడి వాదించుకున్నారు. చివరికి 1969 జనవరిలో ఒప్పుకున్నదీ గుండ్రటి బల్లకే. మనవాళ్లు అఖిలపక్షాన్ని పిలిచినప్పుడల్లా 'రౌండ్ టేబుల్ సమావేశం' అనేదీ ఆ అర్థంలోనే. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు.

అమ్మకు ఈ చరిత్ర తెలీదు. కూతురికీ అప్పటికి తెలీదు. కానీ రోజూ గుండ్రటి బల్లతో కుస్తీ పడుతున్న పిల్ల కదా... "వరుస ఎందుకమ్మా, ఈసారి హాల్లో గుండ్రంగా వేద్దాం విస్తళ్లు. మొదలూ ఉండదు, చివరా ఉండదు" అంది. అమ్మ ఆలోచించింది. "సరే, కానీ ఎవరు ఎక్కడో నువ్వే తేల్చు" అని తన షరతులు చెప్పింది. పరీక్ష పేపర్లో షరతులకు కారణాలుండవు. అమ్మ షరతులు అన్నిటికీ ఉన్నాయి.

5,040 నుంచి ఒకటి దాకా

కాగితం, పెన్సిలు ఉంటే మీరూ గీయండి. ఎనిమిది విస్తళ్లు, అందరూ మధ్యలోకి చూస్తూ కూర్చుంటారు. నాన్నమ్మను కింద కూర్చోబెట్టండి. ఆమెకు ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయండి. ఏడో విస్తరి మళ్లీ ఆమె కుడి పక్కకు వస్తుంది. ఇప్పటికి 5,040 దారులున్నాయి. నిమిషానికొకటి చొప్పున అన్నీ ప్రయత్నిస్తే 84 గంటలు... మూడున్నర రోజులు పడుతుంది. కనుమ వెళ్లిపోతుంది!

మొదటి షరతు. నాన్నమ్మకు ఎడమచెవి వినపడదు. మాటలు అందించడానికి అత్త ఆమెకు కుడిపక్కనే ఉండాలి. అంటే ఏడో విస్తరి. ఈ ఒక్క మాటతో 5,040 కాస్తా 720 అయ్యాయి.

రెండు. బాబాయికి కోపం వస్తే అక్క మాటకు తప్ప ఆగడు. కాబట్టి అత్త పక్కన బాబాయి. అత్తకు ఒక పక్క నాన్నమ్మ ఉంది. ఇక మిగిలింది ఆరో విస్తరే. 720 నుంచి 120.

మూడు. పెదనాన్నను వాళ్లమ్మ పక్కనే పెడితే ఫిర్యాదులు మొదలుపెడతారు. దూరంగా పెడితే పెద్దకొడుకును దూరం పెట్టారంటారు. ఎడమవైపు రెండో విస్తరి అయితే మధ్యస్థం. 120 నుంచి 24. పెదనాన్నా బాబాయీ పక్కపక్కన ఉండకూడదన్న అసలు షరతూ ఇక్కడే తీరిపోయింది.

నాలుగు. పెదనాన్నకు షుగరు. పెద్దమ్మ పక్కన ఉంటే అరిసె మీద చెయ్యి వేసినప్పుడల్లా అందరి ముందూ కసురుతుంది. ఆమె వద్దు. పిన్నికేమో బావగారి పక్కన కూర్చుని తినాలంటే మొహమాటం. ఆమే వద్దు. అంటే తోడికోడళ్లిద్దరూ ఒకటీ మూడూ కాకుండా నాలుగూ అయిదుల్లో సర్దుకోవాలి. 24 నుంచి నాలుగు.

అయిదు. పిన్ని బాబాయి పక్కన ఉంటే గిల్లి అయినా నోరు మూయిస్తుంది. కాబట్టి పిన్ని అయిదు, పెద్దమ్మ నాలుగు. ఇక రెండే దారులు.

ఆరు. మావయ్యకు అత్తగారి పక్కన కూర్చుంటే ముద్ద దిగదు. ఒకటో విస్తరి ఆయనకు వద్దు. మూడు ఆయనది. మిగిలిన ఒకటో విస్తరి నాన్నది.

తేలిపోయింది! 5,040 దారుల్లో ఒక్కటే మిగిలింది. నాన్న గురించి అమ్మ ఒక్క షరతూ పెట్టలేదు. ఆయన ఎక్కడైనా సర్దుకుంటారు. పజిల్స్‌లో కూడా ఒక్కోసారి అలాంటి మనిషి ఒకరుంటారు. ఒక్క ముక్కా చెప్పరు వాళ్ల గురించి. అందరూ కూర్చున్నాక మిగిలిన కుర్చీ వాళ్లది.

అడగని సమాధానం

అంతా బాగానే ఉంది గానీ, బొమ్మ పూర్తయ్యాక కూతురు ఇంకో విషయం గమనించింది. రెండో విస్తరికి సరిగ్గా ఎదురుగా ఉన్నది ఆరోది. పెదనాన్నకు ఎదురుగా బాబాయి!

"పక్కన లేరు కదా" అంది అమ్మ.

"ఎదురుగా ఉన్నారమ్మా. తల ఎత్తితే మొహాలు కనపడతాయి."

ఎవరూ పెట్టని షరతది. కానీ ఆరు షరతులూ కలిస్తే అదే వచ్చింది. వరుసలో ఇద్దర్ని విడదీయడం తేలిక. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. పండగంతా ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. గుండ్రంగా కూర్చుంటే ఆ సౌకర్యం ఉండదు. దూరం జరిపేకొద్దీ ఎదురుకు వస్తారు. అన్నిటికంటే దూరంగా ఉన్న చోటే సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు. పజిల్ పుస్తకంలో 'అపోజిట్' అన్న చిన్నమాట వెనక ఇంత ఉందని ఆ పిల్ల అప్పటిదాకా అనుకోలేదు.

అమ్మ చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. "ఉండనీ" అంది చివరికి.

కనుమ రోజు మధ్యాహ్నం హాల్లో చాపలు పరిచి విస్తళ్లు వేశారు. గారెలు, నాటుకోడి పులుసు, అరిసెలు. గుండ్రంగా ఉన్న విస్తళ్లు చూసి మావయ్య నవ్వారు, "ఇదేంటి, ఆటల పోటీనా?" అని. ఎవరెక్కడ కూర్చోవాలో కూతురు చూపించింది. అమ్మా కూతురూ వడ్డనకు దిగారు. పెదనాన్న తల వంచుకుని తింటున్నారు. బాబాయీ అంతే. అత్త నాన్నమ్మ చెవిలో ఏదో చెబుతోంది. పిన్నీ పెద్దమ్మా పక్కపక్కన కూర్చుని నెమ్మదిగా కబుర్లలో పడ్డారు. భర్తల మధ్య మాటల్లేకపోయినా వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారన్న సంగతి ఆరోజే బయటపడింది.

అప్పుడు జరిగిందది. పెద్దమ్మ కబుర్లలో ఉంది. మధ్యలో మావయ్య అడ్డం. పెదనాన్న చెయ్యి నెమ్మదిగా రెండో అరిసె మీదకు వెళ్లింది. పక్కనున్న వాళ్లెవరూ చూడలేదు. ఎదురుగా ఉన్న మనిషికి మాత్రం కనపడింది.

"వదినా, అన్నయ్య రెండో అరిసె తింటున్నాడు" అన్నాడు బాబాయి. విస్తరి మీంచి తల ఎత్తకుండానే.

హాలంతా నిశ్శబ్దం. పిన్ని గిల్లబోయి ఆగిపోయింది. పెదనాన్న అరిసె పట్టుకుని అలాగే ఉండిపోయారు. కాసేపటికి, "నా విస్తరి మీద నీ కళ్లెందుకురా?" అన్నారు. మూడేళ్ల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది. మావయ్య ఫక్కున నవ్వేశారు. ఏం జరిగిందో అత్త కుడిచెవిలో చెబితే నాన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అరిసె మాత్రం పెద్దమ్మ చేతిలోకి వెళ్లిపోయింది.

గట్టు తగాదా అక్కడితో తీరిపోయిందని అనుకోవద్దు. అది ఇంకా కొలతల దగ్గరే ఉంది. కాకపోతే సర్వేయరును ఎప్పుడు పిలవాలో ఇప్పుడు అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకుంటున్నారు. ఇంతకుముందు ఆ కబురూ ఈ కబురూ నాన్నే మోసేవారు.

ఇంకో సంగతీ ఉంది. అందరి తిండీ సగంలో ఉండగా నాన్నమ్మ చుట్టూ చూసి, "కోడలు ఎక్కడ కూర్చుంటుంది?" అనడిగింది. లెక్కలో అమ్మ లేదు! ఎనిమిది మందికీ చోటు చూసిన మనిషి తనకు చూసుకోలేదు. కూతురికీ తట్టలేదు. "కాస్త జరగండర్రా" అంది నాన్నమ్మ. వరుసలో అయితే అమ్మ చివరికి పోయి కూర్చోవాలి. ఇక్కడ చివర లేదు కదా. మావయ్య అటు జరిగారు, పెద్దమ్మ ఇటు జరిగింది. మధ్యలో తొమ్మిదో విస్తరి పడింది. కూతురు అమ్మకు వడ్డించింది.

మొహం తిప్పుకున్న వాళ్లు

పండగైన నెల లోపే పరీక్ష. గుంటూరులో సెంటరు. కంప్యూటర్ మీద ఆ సెట్టు రానే వచ్చింది. ఎనిమిది మంది, గుండ్రటి బల్ల. కాకపోతే ఈసారి కొందరు మధ్యలోకి, కొందరు బయటకు చూస్తున్నారు.

ఇది అసలైన మెలిక. బయటకు చూస్తున్నవాళ్లకు ఎడమా కుడీ తారుమారవుతాయి. మొహం తిప్పుకున్న చుట్టంతో మాట్లాడినట్టే ఉంటుంది వ్యవహారం. మనం కుడి అన్నది వాళ్లకు ఎడమ. ఎవరు ఎటు చూస్తున్నారో తేలకుండా ఒక్క అడుగు వేసినా ఇక అంతే సంగతులు.

ఆమె ముందు ఆ సెట్టు జోలికి పోలేదు. తేలికైన ప్రశ్నలన్నీ పూర్తి చేసుకుంది. ఆరు నిమిషాలు మిగిలాయి. రఫ్ పేపర్ మీద వృత్తం గీసింది. అన్నిటికంటే ఎక్కువ వివరాలున్న మనిషిని పట్టుకుని కింద కూర్చోబెట్టింది. ఒక చోట రెండు దారులు వచ్చాయి. ఆ మనిషి లోపలికి చూస్తుంటే ఒక రకం, బయటకు చూస్తుంటే ఇంకో రకం. పోయినసారి ఇలాంటిచోటే ఒకదాన్ని ఊహించుకుని ముందుకెళ్లి మునిగింది. ఈసారి పక్కపక్కన రెండు వృత్తాలు గీసింది. రెండింట్లోనూ ఒక్కో మాటా సర్దుకుంటూ పోయింది. నాలుగో వాక్యం దగ్గర ఒక వృత్తంలో ఒకే కుర్చీకి ఇద్దరు వచ్చారు. దాన్ని కొట్టేసింది. రెండోది నిలబడింది. నాలుగు ప్రశ్నలకు సమాధానాలు పెట్టింది. అయిదో దాని దగ్గర టైము అయిపోయింది. ఊహించి నొక్కలేదు.

ఆ అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో తనకోసం రాసుకున్న మాటలివి. ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటే పనికొస్తాయి.

మొదటి వాక్యంతోనే మొదలుపెట్టాలన్న రూలేం లేదు. 'ఎదురుగా', 'వెంటనే పక్కన' అని కచ్చితంగా చెప్పే వాక్యాలు ముందు. 'పక్కన లేరు' అనేవి తర్వాత.

'బి కి ఎడమవైపు' అంటే నిలబడాల్సింది బి దగ్గర. మన దగ్గర కాదు.

రెండు దారులు కనపడితే రెండూ గీయాలి. తప్పుడు దారి తనంతట తనే ఎక్కడో ఒకచోట అడ్డం పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

అన్నీ కుదిరాక ప్రతి వాక్యాన్నీ మళ్లీ ఒకసారి బొమ్మతో సరిచూడాలి. దానికి పది సెకన్లు చాలు.

తెలీకపోతే వదిలేయాలి. సున్నా కూడా పావు మార్కు కోత కంటే ఎక్కువే.

ఇంతకీ ఫలితం సంగతి... ప్రిలిమ్స్ గట్టెక్కింది. ఈసారి మూడు మార్కులకు పైగా మిగిలాయి. మెయిన్స్ ఇంకా ఉంది. అక్కడి బల్లల చుట్టూ కూర్చునేవాళ్లు మరీ పెంకివాళ్లు. ఒక్కొక్కరికీ ఊరు, వృత్తి, ఇష్టమైన రంగు కూడా ఉంటాయి. నాన్న పెళ్లి మాట అప్పటిదాకా ఎత్తనన్నారు. సాయంత్రాలు పక్కవీధి పిల్లలు ముగ్గురు రీజనింగ్ నేర్చుకోవడానికి ఆ ఇంటి వసారాలోకి వస్తున్నారు. వాళ్లకు చెప్పేటప్పుడు ఎదురుగా బొమ్మ ఉండాలి కదా... అందుకని పోపు పెట్టే వేళకు పోపులపెట్టె కనపడక అమ్మ వంటింట్లోంచి కేకలేస్తోంది. "ముందు ఆవాలిచ్చి తర్వాత పాఠం చెప్పవే!"